నూట అరవై ఎనిమిదో బిళ్ల

మూడింటి సైరన్‌కు ఇంకా ఐదు నిమిషాలున్నాయి, రేకుల మీద వాన పడుతూనే ఉంది, కమ్లి ఆ కాగితాన్ని నాలుగోసారి చదువుతోంది. పాత పద్ధతి తీసేసి కొత్త పద్ధతి పెడితే మీ విభాగంలో ఏమేం ఇబ్బందులు రావచ్చు అని పైన టైపు కొట్టి ఉంది. దాని కింద ఐదు ఖాళీ గీతలు, ఆ కింద సంతకానికి చోటు. ఐదే ఎందుకు గీశారో, ఆరో ఇబ్బంది ఉన్నవాళ్లు ఎక్కడ రాసుకోవాలో అనుకుని ఆమె తనలో తాను నవ్వుకుంది. హెడాఫీసు నుంచి కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఉపేందర్ సారు పొద్దున్నే ఈ కాగితం చేతిలో పెట్టి, ఏమీ లేవని రాసి ఒక సంతకం చెయ్యక్కా, నాలుగున్నరకు జీపు పోతది, అందులో పంపాలె అన్నాడు. కరెంటు పనివాళ్లు ఏమీ లేవని రాసిచ్చారట. హాజరు గుమాస్తా కూడా ఏమీ లేవనే రాశాడట. మిగిలింది బొగ్గుగనిలోకి దిగేవాళ్లకు బత్తులిచ్చే ఈ ల్యాంప్‌రూము ఒక్కటే. రామన్న ఉంటే ఆయనే రాసేవాడు. ఇరవై ఆరేళ్లు ఈ గదిని చూసుకున్న రామన్న జూన్‌లో రిటైరయ్యాడు, ఆయన కుర్చీలోకి ఇంకా ఎవరినీ వేయలేదు, కాబట్టి మొదటి షిఫ్టుకు పెద్ద ఎవరయ్యా అంటే కమ్లే. ఐదో తరగతితో బడి మానేసిన కమ్లి పద్నాలుగేళ్ల ఉద్యోగంలో ఇన్నాళ్లూ సంతకం చేసింది జీతం తీసుకునేటప్పుడే. ఇవాళ ఒక ఆఫీసు కాగితం తన మాట కోసం కాచుకుని ఉంది. అది తలుచుకుంటే ఒక పక్క గర్వం, ఒక పక్క చిన్న గుబులు.

ఎదురుగా గోడంతా చెక్క బోర్డు. బోర్డు నిండా మేకులు, ఒక్కో మేకు పక్కన తెల్ల రంగుతో ఒక్కో నంబరు. బాయి దిగే మనిషి ఈ కిటికీ దగ్గరికొచ్చి తన ఇత్తడి బిళ్ల ఇచ్చి, తలకు పెట్టుకునే బత్తి తీసుకుంటాడు. బిళ్ల అతని మేకుకు వేలాడుతుంది. పైకొచ్చాక బత్తి అప్పజెప్పి బిళ్ల తీసుకుపోతాడు. గోడ మీద బిళ్ల ఉందంటే మనిషి బొగ్గు బాయిలో ఉన్నట్టు, మేకు ఖాళీ అయిందంటే ఇంటిదారి పట్టినట్టు. అంత సులువైన సంగతి. పని చూసే ఓవర్‌మన్, సర్దార్లు, మందు పేల్చేవాళ్లు షిఫ్టు తర్వాత కూడా కిందే ఉంటారు కాబట్టి వాళ్ల లెక్క మాత్రం వేరే పుస్తకంలో. కొత్త పద్ధతిలో బిళ్లా లేదు, కిటికీ కూడా లేదు. మనుషులే లోపలికి వచ్చి బత్తులను చార్జింగు స్టాండులో పెట్టి పోతారు, అక్కడ కూర్చున్న గుమాస్తా బత్తి మీది నంబరు చూసి కంప్యూటర్‌లో కొడతాడు, కింద ఇంకా ఎంతమంది ఉన్నారో తెర మీద పచ్చటి అక్షరాల్లో కనిపిస్తుంది. సోమవారం నుంచి బోర్డు పీకేస్తారు. ఈ మూడు రోజులు మాత్రం పరీక్షకని రెండూ నడుస్తున్నాయి. బత్తి స్టాండులో పెట్టాలి, బిళ్ల కిటికీ దగ్గర తీసుకోవాలి. గురువారం బోర్డు, కంప్యూటర్ ఒకే మాట చెప్పాయి. శుక్రవారం కూడా ఒకే మాట. ఉపేందర్ అప్పుడు చిన్నపిల్లాడిలా చేతులు రుద్దుకున్నాడు. ఖమ్మం పిల్లాడు, ఇరవై నాలుగేళ్లు ఉంటాయేమో, అన్నం వేళకు అన్నం తినడు, ఆ పెట్టె ముందు కూర్చుంటే చాయ్ చల్లారిపోయినా తెలియదు. మంచి పిల్లాడు. అందుకే కాదనడం కష్టంగా ఉంది.

అయినా ఎందుకు కాదనాలి. ఏమీ లేవని రాస్తే నాలుగున్నరకు టేకులపల్లి బస్సు అందుతుంది. రేపు తండాలో తీజ్ ఆఖరి రోజు. కూతురు హేమ్లి మొదటిసారి గోధుమ మొలకల బుట్ట పెట్టింది, ఎనిమిది రోజులుగా పొద్దునా సాయంత్రం పాట పాడుకుంటూ నీళ్లు పోస్తోంది, తన మొలకలే అందరికంటే పొడుగ్గా ఉన్నాయని మొన్న బస్సు కండక్టరుతో కబురు కూడా పంపింది. కాదని రాస్తే ఏమంటారు? కిటికీ మూసేస్తే తన కుర్చీ పోతుందని కమ్లికి భయం, అందుకే అడ్డం పడుతోందంటారు. అందులో అబద్ధం కూడా ఏం లేదు. సోమవారం తర్వాత తనను స్టోర్‌కు పంపుతారని విన్నది. స్టోర్‌లో ఫ్యాను ఉంది, ఒక పూటంతా కూర్చునే ఉండొచ్చు, నూట నలభై మూడు మందితో రోజుకు రెండుసార్లు మాట్లాడే బాధ ఉండదు. బాధా అది? కమ్లి తనను తాను అడిగింది. తన కుర్చీ మీది మమకారం వేరు, నిజంగా రాగల ఆపద వేరు. ఏది ఏదో విడదీసుకోకుండా కాగితం మీద కలం పెట్టకూడదు. కందిపప్పులో రాళ్లు ఏరినట్టు కూర్చుని ఏరుకోవాలి. మొదటి రాయి ఏది?

తలుపు గుర్తొచ్చింది. నాలుగేళ్ల కింద సైకిల్ స్టాండుకు తూర్పున ఉన్న తలుపు మూసి పడమర తెరిచారు. బురద తగ్గుతుందని మేనేజర్ సాబు మంచి ఆలోచనే చేశాడు. ఒక్క తలుపే కదా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. తూర్పు తలుపుకు పోవాలంటే మనుషులు ల్యాంప్‌రూము ముందు నుంచి పోయేవాళ్లు, పడమర తలుపుకైతే ఇటు రానక్కర్లేదు. మొదటి రోజే పదకొండు మంది తలమీద బత్తులతో ఇళ్లకు పోయారు. కారేపల్లి బండి ఎక్కే ఒకాయన బత్తితోనే రైల్లో కూర్చున్నాడు, టికెట్ కలెక్టర్ వచ్చాడనుకుని పెట్టెలో నిద్రపోయేవాళ్లంతా లేచి కూర్చున్నారట. ఆ రాత్రి వాళ్ల చుట్టాలింట్లో పెళ్లి, కరెంటు పోయింది, ఆ బత్తి వెలుగులోనే తాళి కట్టించామని మర్నాడు ఆయన గొప్పగా చెప్పుకుంటూ వచ్చాడు. రామన్న తిట్టబోయి నవ్వేశాడు. ఆ తర్వాతే బిళ్ల లేనివాళ్లను గేటు దగ్గర ఆపడం మొదలైంది. తలుపు వెనుక ఇంత సంగతి ఉందని తలుపుకైనా తెలుసా. మరి ఈ కిటికీ వెనుక ఏముందో ఎవరికి తెలుసు? తనకే తెలియాలి. తనకు కూడా తెలియకపోతే?

సైరన్ మోగింది. కాసేపటికి వాన చప్పుడులో బూట్ల చప్పుడు కలిసింది. నల్లటి ముఖాలు, తెల్లటి కళ్లు, కిటికీ ముందు వంగుతున్న తలలు. నలభై రెండు. డెబ్బై. నూట పదకొండు, ఆయన కోడలికి జ్వరం తగ్గిందట. ముప్ఫై మూడు, ఈయన ఎప్పుడూ బిళ్ల తీసుకుని దాన్ని కళ్లకద్దుకుంటాడు. ఇక్కడ అందరూ వంగాల్సిందే, కిటికీ నడుమెత్తులో ఉంది. కొత్తలో మగవాళ్లు వంగేవాళ్లు కాదు, చెయ్యి మాత్రం లోపలికి చాచి నంబరు చెప్పేవాళ్లు. పంతొమ్మిదేళ్ల కమ్లి ఇచ్చేసేది. చూపు మందగించి పని మానేసిన తండ్రి హాతీరాం బదులు వచ్చిన ఉద్యోగమే కదా, ఆయనకు మాట రాకూడదని తొందర తొందరగా చేసేది. రామన్న వారం రోజులు చూసి ఊరుకుని, ఒక రోజు పక్కన కూర్చుని చెప్పాడు. మొఖం చూడకుండ బిళ్ల ఇయ్యకు బిడ్డా, నీ దగ్గరికి రావాల్సింది చెయ్యి కాదు, మనిషి. అప్పటినుంచి ఆమె ఎవరి చెయ్యి వచ్చినా ముఖం చూపించమనేది. తొంభై రెండో నంబరు సోమ్లా ఆ మాట విని వంగాడు. బిళ్ల తీసుకుని పోయి, మళ్లీ వచ్చి, నంబరు సరిగ్గా చూశావా అని మళ్లీ వంగాడు. మూడోసారి ఏ కారణమూ చెప్పకుండానే వంగాడు. ఆ ఎండాకాలమే పెళ్లయింది. ఇప్పుడు సోమ్లా తండాలో కూతురి బుట్టకు కాపలా కాస్తుంటాడు, మేకలు రాకుండా.

చేతులు బిళ్లలు తీస్తున్నాయి, నోరు పలకరిస్తోంది, మనసు మాత్రం కాగితం దగ్గరే ఉంది. కరెంటు పోతే? పెట్టెకు కింద బ్యాటరీ ఉందన్నాడు ఉపేందర్, గంటసేపు నడుస్తుందట. వానాకాలం ఇక్కడ కరెంటు గంటలో వచ్చిందెప్పుడు. ఇది ఒక గీత. ఒకే పేరువాళ్లు? సోమ్లాలు ముగ్గురు, గురవయ్యలు ఇద్దరు, కానీ నంబర్లు వేరు కాబట్టి అది ఇబ్బంది కాదు, కొట్టేయొచ్చు. గుమాస్తా ఆరును తొమ్మిదిగా చదివితే? బొగ్గు మసి కదా, బత్తి మీద నంబరు కనపడక తాను కూడా తుడుచుకుని చూసేది. అది రెండో గీత. ఇంకా ఉంది, ఇంకేదో ఉంది, నాలుక చివరకు వచ్చి ఆగిపోయే పేరులా తిరుగుతోంది. కొత్త పద్ధతిలో మనిషి ఎవరికి కనపడతాడు? గుమాస్తా చూసేది బత్తిని. బత్తి మీది నంబరును. మనిషి స్టాండు దగ్గర బత్తి పెట్టి వెనక్కి తిరిగి పోతాడు, ఆ వీపు ఎవరిదో ఎవరికీ పట్టదు. పోనీ, బత్తి వచ్చిందంటే మనిషి రాకుండా ఎలా వస్తుంది? బాయిలో బత్తి లేకుండా ఎవరుంటారు, అరచెయ్యి కూడా కనపడదే. అని ఆమె సర్దిచెప్పుకుంది. కాలు సరిగ్గా ఆనని పీట మీద కూర్చున్నట్టుంది ఆ సర్దిచెప్పుకోవడం.

వరస పలచబడింది. చివరి నలుగురు, చివరి ఇద్దరు. మూడూ ముప్ఫై ఐదు. కమ్లి చేతులు తుడుచుకుని, కాగితం ముందుకు లాక్కుని, అలవాటు కొద్దీ గోడ వైపు చూసింది. మేకులన్నీ ఖాళీ, కుడి పక్క కింది వరసలో ఒక్కచోట తప్ప. నూట అరవై ఎనిమిది. దూలయ్యది. కిందికి, బాగా పల్లంలో, నీళ్లు తోడే పంపు దగ్గర కూర్చునే దూలయ్య. యాభై ఏళ్ల మనిషి, నడక నిదానం, అందరికంటే వెనకే వస్తాడు. వస్తున్నాడేమో. గది అవతలి మూల నుంచి ఉపేందర్ కుర్చీ తిప్పి సంతోషంగా చెప్పాడు, సున్నా అక్కా, అందరూ వచ్చేసిండ్రు, మూడో రోజు కూడా సరిగ్గ కలిసింది. అప్పుడే అతని పక్కనున్న లోపలి ఫోను మోగింది. బాయిలో నుంచి ఓవర్‌మన్ గురవయ్య. పొద్దున్నే అందరికీ చెప్పిన మాటే, మూడూ నలభై ఐదుకు పంపు దారిలో మందు పేలుస్తున్నాం, అటు వైపు మనుషులంతా పైకి చేరిండ్రా అని అడుగుతున్నాడు. చేరిండ్రు సార్, సున్నా అని ఉపేందర్ అనేశాడు. ఆ మాట గదిలో ఇంకా ఉండగానే కమ్లి లేచింది. ఎప్పుడు లేచిందో, స్టూలు ఎప్పుడు పడిందో తెలియదు. ఫోను ఆమె చేతిలో ఉంది.

"సార్, కమ్లిని. ఆపుండ్రి. దూలయ్య బిళ్ల నా గోడ మీదనే ఉన్నది."

గురవయ్య అవతల నుంచి అడిగాడు. "బత్తి వచ్చిందంటున్నరు కద?"

"బత్తి వచ్చింది సార్. మనిషి రాలే. ఆయన మొఖం నేను చూడలే."

సరే, ఆపుతున్న, మనుషులను పంపుత అని గురవయ్య ఫోను పెట్టేశాడు. ఉపేందర్ స్టాండు దగ్గరికి పరుగెత్తి, నూట అరవై ఎనిమిదో బత్తి తీసి చూపించాడు. ఉంది, ఇదిగో ఉంది అక్కా, ఒంటిగంటా పదికే వచ్చినట్టు కంప్యూటర్‌లో కూడా ఉంది, బిళ్ల తీసుకోవడం మరిచిపోయి ఇంటికి పోయిండేమో అన్నాడు. అతని గొంతు అప్పటికే మారింది. బిళ్ల మరిచిపోతే గేటు దగ్గర ఆపుతారని అతనికీ తెలుసు. ఒంటిగంటా పది, ఒంటిగంటా పది. కమ్లి కళ్లు మూసుకుంది. ఒంటిగంటప్పుడు ఎవరొచ్చారు? షిఫ్టు మధ్యలో పైకొచ్చింది ఒక్కడే, పంపు దారిలో పనిచేసేవాడు. గోప్యా. ఒళ్లు కాలిపోతోందని, దవాఖానాకు పోతున్ననని, కిటికీ మీదికి వంగి బిళ్ల అడిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కుడిచేత్తో నుదురు పట్టుకున్నాడు. ఎడమచేతిలో? ఎడమచేతిలో వైర్లు. రెండు వైర్లు వేలాడుతూ. రెండు బత్తులు. చూసింది తను, చూసి కూడా, పాపం జ్వరం అనుకుని, గోలి వేసుకో అని చెప్పి పంపింది. దూలయ్య బత్తి ఆరిపోయి ఉంటుంది. పైకి పోతున్నవు కదా, ఇది కూడా తీస్కపో, బాగు చేస్తరు అని గోప్యా చేతికిచ్చి ఉంటాడు. గోప్యా రెండూ తెచ్చి స్టాండులో పెట్టాడు. గుమాస్తా రెండు నంబర్లు కొట్టాడు. ఎవరూ తప్పు చేయలేదు. ఒక్కరు కూడా. అయినా కంప్యూటర్ దూలయ్యను ఇంటికి పంపేసింది. పంపు దగ్గర ఒక కరెంటు బల్బు ఉంటుంది, దాని కింద కూర్చోవడానికి బత్తి అక్కర్లేదు, దాన్ని వదిలి పైకి నడవడానికే కావాలి. ఎవరో ఒకరు వచ్చేదాకా కదలకుండా కూర్చుని ఉంటాడు. మందు పేల్చే ముందు సర్దార్ దారి మొదట్లో నిలబడి ఎంత కేకేసినా ఆ పంపు మోతలో వినపడదు.

ఇదే ఇందాక నాలుక చివర తిరిగిన మాట. ఇప్పుడు దొరికింది, కానీ దొరికినందుకు సంతోషించే వేళ కాదు. పంపు దగ్గరికి పోవాలంటే పావుగంట. ఆగమన్న మాట మందు దగ్గరున్నవాళ్లకు చేరిందా. గురవయ్య గట్టిమనిషి, చేరే ఉంటుంది. చప్పుడేమైనా వస్తుందా అని ఆమె చెవులు రిక్కించింది. రేకుల మీద వాన తప్ప ఏమీ వినపడలేదు, వాన ఒక్క నిమిషం ఆగితే బాగుండనిపించింది. మూడూ నలభై ఐదు అయింది. కాళ్ల కింద నేల అదరలేదు. నలభై ఏడు. అదరలేదు. దూలయ్య పొద్దున ఏమన్నాడు? కూతురు కానుపుకు వచ్చింది, ఇవాళో రేపో అన్నాడు. మగపిల్లాడైతే జిలేబీ, ఆడపిల్లయితే ఇంకా ఎక్కువ జిలేబీ అని చెప్పి బిళ్ల ఇచ్చాడు. ఎందుకలా అని అడగబోతే వెనకవాళ్లు తోశారు. అడగాలి. ఇది తప్పకుండా అడగాలి. ఉపేందర్ కంప్యూటర్ దగ్గరికి పోలేదు. కిటికీ దగ్గరే గోడకానుకుని, ఆ ఒక్క బిళ్లను చూస్తూ నిలబడ్డాడు. నేను సున్నా అని చెప్పిన కదక్కా అన్నాడు మెల్లగా. అక్కడ సున్నానే కనపడ్డది కద సార్, మీరు అబద్ధం చెప్పలే అంది కమ్లి. అతనికి ఆ మాట ఓదార్పు అయిందో లేదో. ఆమె బిళ్ల మీది నుంచి కదలని ఆ పిల్లాడి కళ్లు చూసి, కడవలోంచి గ్లాసు నిండా నీళ్లు ముంచి ఇచ్చింది. అతను మొత్తం తాగాడు.

ఫోను మోగినప్పుడు నాలుగూ ఎనిమిది. ఉపేందర్ దాన్ని ముట్టుకోలేదు, కమ్లే ఎత్తింది. గురవయ్య నవ్వుతున్నాడు. దొరికిండు, బల్బు కింద కూసొని ఉడకేసిన శనగ గుడాలు తింటున్నడు, పైకి పంపుతున్న, నువ్వే చూసుకో అన్నాడు. కమ్లి ఫోను పెట్టి, తనకు కూడా ఒక గ్లాసు నీళ్లు ముంచుకుంది.   ఉపేందర్ మేనేజర్ సాబుకు ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాడు, ఏదీ దాచలేదు. తర్వాత అవతలి మాట విని, లేదు సార్, సోమవారం కాదు, నేనే వద్దంటున్న అన్నాడు. ఆ మాట అనడానికి అతను కుర్చీలోంచి లేచి నిలబడటం కమ్లి చూసింది.

దూలయ్య నాలుగున్నరకు వచ్చాడు. ముందొక సర్దార్, వెనక ఇద్దరు, మధ్యలో ఆయన, ఊరేగింపులా. కిటికీ దగ్గర వంగాడు. ముఖమంతా మసి, ముక్కు మీద శనగ గుడాల పొట్టు అంటుకుని ఉంది. కమ్లి ఆ ముఖాన్ని కావలసిన దానికంటే కాసేపు ఎక్కువే చూసింది.

"ఏంది కమ్లమ్మా, ఇంతమందిని పంపినవ్. నా బిడ్డ కానుపయిందా?"

"ఇంకా కబురు రాలేదు దూలన్నా. ఇంటికి పో, నువ్వు పోయేసరికి వస్తదేమో."

మేకు మీది నుంచి బిళ్ల తీసి ఇచ్చింది. ఆయన ఏమీ అర్థం కాని సంతోషంతో దాన్ని జేబులో వేసుకుని, సర్దార్ వైపు తిరిగి, ముగ్గురొచ్చి తీస్కొచ్చిండ్రంటే మా ఇంట్ల నమ్మరు సార్, మీరు కూడా వచ్చి చెప్పాలె అంటూ వానలోకి దిగాడు. రోడ్డు మీద టేకులపల్లి బస్సు హారన్ కొట్టి సాగిపోయింది. కమ్లి విన్నది. ఆరింటికి ఇంకో బస్సు ఉంది, హేమ్లి బుట్ట రేపటి దాకా ఎక్కడికీ పోదు. బయట జీపు డ్రైవర్ కాగితం కోసం అరుస్తున్నాడు. ఉపేందర్ తలుపులో నిలబడి, పొమ్మని చెయ్యి ఊపి, లోపలికి వచ్చి బల్ల మీది కాగితం తీసుకున్నాడు. ఐదు గీతలు చూశాడు. దాన్ని వెనక్కి తిప్పి, తెల్లటి పక్క పైకి పెట్టి, జేబులోంచి పెన్ను తీశాడు.

"ఇట్లాంటివి ఇంకా ఉన్నయా అక్కా?"

ఐదింటికి దిగే రెండో షిఫ్టు మనుషులు గొడుగులు ముడుస్తూ కిటికీ ముందు వరస కడుతున్నారు. ఆ షిఫ్టుకు కిటికీ చూసుకునే ద్వాలి వచ్చి తన స్టూలు ఎక్కింది. కమ్లి పడిపోయిన తన స్టూలు ఎత్తి, కొంగుతో తుడిచి, అతని ముందుకు జరిపింది.

"శానా ఉన్నయ్ సార్. కూసోండ్రి."